దానం – అనుపాలనం : తెలుగునాట ప్రజాగ్రంథాలయాల మనుగడ

విషయ ప్రవేశం

ప్రాచీన దానశాసనాలను పరిశీలించేవారికి ఒక సంప్రదాయం సుపరిచితం. దాత వంశప్రశస్తి, దేయభూమి ఎల్లలు, ప్రతిగ్రహీతల గోత్రనామాలు ముగిసిన పిదప శాసనాంతంలో కొన్ని శ్లోకాలు కనిపిస్తాయి. తాను స్వయంగా దానం చేయడంకంటె, పరులు చేసిన దానాన్ని చెడకుండా కాపాడటమే శ్రేయస్కరమని వాటిలో తరచు వినవచ్చే భావం. ఆ కాపాడటానికి అనుపాలనమని పేరు. ఇచ్చినవాడు గతిస్తాడు; పుచ్చుకొన్నవాడూ గతిస్తాడు. ఆ ఇద్దరినీ కన్నులారా చూడని మూడవవాడు పూనుకొంటేనే దానం నిలుస్తుంది. ఆ శ్లోకాలు ఆ మూడవవానిని ఉద్దేశించినవి.

ఈ భావం భూదానానికి ఎంత వర్తిస్తుందో గ్రంథదానానికీ అంతే వర్తిస్తుంది. తెలుగునాట ప్రజాగ్రంథాలయాల చరిత్రను చెప్పేటప్పుడు స్థాపకుల పేర్లు, శంకుస్థాపన తేదీలు, ప్రథమదాతల ఔదార్యం ప్రధానంగా ప్రస్తావనకు వస్తాయి. అవి స్మరణీయాలే. అయితే ఒక గ్రంథాలయం నూరేళ్లు నిలవడానికి కారణం స్థాపన ఒక్కటే కాదు. స్థాపకుని తరువాత వచ్చినవారు ఏమి చేశారన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నను కొన్ని గ్రంథాలయాల చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం.

ప్రాచీన దృష్టి

గోదాన, భూదానాలతోపాటు విద్యాదానాన్ని అతిదానంగా మన ధర్మశాస్త్ర సంప్రదాయం పరిగణించింది. 12వ శతాబ్ది నాటి లక్ష్మీధరుని కృత్యకల్పతరువులోని దానకాండం, 13వ శతాబ్ది నాటి హేమాద్రి చతుర్వర్గచింతామణిలోని దానఖండం విద్యాదాన విషయాన్ని విపులంగా చర్చించాయి. గ్రంథాన్ని వ్రాయించి సమర్పించడం అందులో ముఖ్యమైన అంశం. వ్రాయించడమంటే లేఖకునికి భృతి, లేఖన సామగ్రి, ప్రతిని సరిచూచే పండితుడు – ఇవన్నీ అవసరమే. అంటే గ్రంథదానం ఒక వస్తువును చేతులు మార్చడంతో ముగిసే క్రియ కాదు.

ఈ దృష్టికి శాసనసాక్ష్యం కూడ ఉన్నది. కలబురగి ప్రాంతంలోని నాగావిలో లభించిన 1058 నాటి పశ్చిమ చాళుక్య శాసనం అక్కడి ఘటికాశాలకు మధుసూదన దండనాయకుడు చేసిన ఏర్పాట్లను పేర్కొంటున్నది. అందులో 200 మంది వేదవిద్యార్థులు, శాస్త్రవిద్యార్థులు, వేదశాస్త్రాల ఉపాధ్యాయులతోపాటు ఆరుగురు సరస్వతీ భాండారికులకు కూడ జీవనాధారం కల్పింపబడినది. సరస్వతీ భాండారికులనగా గ్రంథభాండాగారాన్ని చూచుకొనేవారు. ఉపాధ్యాయునికి వృత్తి కల్పించిన దాత గ్రంథపాలకుని మరచిపోలేదు. పుస్తకంతోపాటు దానిని కాపాడే మనిషికీ అన్నం పెట్టాలన్న ఎరుక ఈ శాసనంలో స్పష్టంగా కనిపిస్తున్నది. ఆలయం కట్టించినవారు ధూపదీపనైవేద్యాలకు మాన్యం ఏర్పరచడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

ఈ ఆధారాలనుబట్టి గ్రంథాలయానికి చేసే దానాన్ని రెండు విధాలుగా విభజింపవచ్చు. భవనం, పుస్తకాలు, మూలధనం ఇవ్వడం ప్రతిష్ఠాదానం. ఏటేటా జిల్దులకు, జాబితాలకు, దీపానికి, గ్రంథపాలకునికి కావలసినది సమకూర్చడం పోషణదానం. ఈ రెండవ దానంలో ద్రవ్యంకంటె శ్రమ పాలు ఎక్కువ. స్వచ్ఛంద సేవ అనేది నిజానికి ఈ పోషణదానమే.

హైదరాబాదు : దాత నుంచి సేవకునికి

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపింపబడినది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ప్రేరణ, మునగాల రాజా నాయని వేంకట రంగారావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారి ఔదార్యం దీనికి మూలం. ఉర్దూ రాజభాషగా ఉన్న సంస్థానంలో, తెలుగు చదువుకు ఆదరణ కొరవడిన కాలంలో ఈ గ్రంథాలయం వెలిసినది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడటానికీ, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టడానికీ ఈ వాతావరణమే దోహదం చేసినది.

1910లో రావిచెట్టు రంగారావు చిన్న వయస్సులోనే మరణించారు. ముఖ్యదాతలలో ఒకరు కనుమరుగైన తొమ్మిదేళ్ల సంస్థకు అది కఠిన పరీక్ష. ఆ సమయంలో ఆయన సతీమణి లక్ష్మీనరసమ్మ భాషానిలయ భవనానికై ద్రవ్యసహాయం చేసి భర్త సంకల్పాన్ని నిలబెట్టారు. గ్రంథాలయోద్యమ చరిత్రలో స్త్రీల పాత్ర తక్కువగా నమోదైనదన్న విషయం గుర్తుంచుకొన్నప్పుడు ఆమె చేసినదాని విలువ మరింత తెలుస్తుంది. శాసనపరిభాషలో చెప్పాలంటే ఆమె దాత మాత్రమే కాదు, అనుపాలకురాలు.

ఆ దంపతుల ఆదరణలో పెరిగి చదువుకొన్న ఆదిరాజు వీరభద్రరావు చరిత్రపరిశోధకులుగా ప్రసిద్ధి పొందారు. కొమర్రాజు పేర వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనములు ప్రథమ సంపుటాన్ని ప్రకటించడం వెనుక ఆయన కృషి ఉన్నది. ఒక ఇంటి ఆశ్రయం ఒక విద్యార్థికి లభించినది. ఆ విద్యార్థి శ్రమ తరువాతి పరిశోధకులందరికీ ఆధారగ్రంథమై నిలిచినది. దానఫలం ఒక తరం నుంచి మరొక తరానికి ఏ మార్గాన ప్రవహిస్తుందో తెలియడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

ఉద్యమం : సేవకు సంఘరూపం

సేవ వ్యక్తులపై మాత్రమే ఆధారపడితే వారితోనే అంతరిస్తుంది. ఈ సత్యాన్ని గుర్తించినవారిలో అగ్రగణ్యులు అయ్యంకి వేంకటరమణయ్య. 1914లో విజయవాడలో జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల సభ ఫలితంగా ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినది. అప్పటికి ఊరూరా విడివిడిగా ఉన్న పఠనమందిరాలను ఒక త్రాటిపైకి తేవడం, నిర్వాహకులకు పరస్పర పరిచయం కల్పించడం, గ్రంథాలయ సర్వస్వము పత్రిక ద్వారా పద్ధతులు తెలియజేయడం ఈ సంఘం చేసిన ముఖ్యమైన పనులు.

తరువాతి తరంలో ఈ బాధ్యతను పాతూరి నాగభూషణం స్వీకరించారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుని చెంతకు పోవాలన్న ఆలోచనతో 1935లో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువపై ఆయన నడిపిన నౌకాగ్రంథాలయం సుప్రసిద్ధం. గ్రంథాలయ సర్వస్వము సంపాదకత్వాన్నీ, గ్రంథాలయ సంఘ నిర్వహణనూ వహించి, గ్రంథపాలకులకు శిక్షణ ఇచ్చే పాఠశాలను విజయవాడలో నెలకొల్పడానికి కృషి చేశారు. నౌక కంటికి ఇంపైన ప్రయోగం. శిక్షణ అంతగా కంటికి కనిపించని కార్యం. అనుపాలన దృష్టితో చూచినప్పుడు రెండవదే దీర్ఘఫలప్రదం. ఒక పడవ కొన్ని ఊళ్లకు పుస్తకాలు చేరవేయగలదు. శిక్షణ పొందిన గ్రంథపాలకుడు పుస్తకాన్ని తరువాతి తరానికి చేరవేయగలడు.

వేటపాలెం : పత్రికల పాఠం

1918 అక్టోబరు 15న వేటపాలెంలో ఊటుకూరి వేంకట సుబ్బరాయ శ్రేష్ఠి స్థాపించిన సారస్వత నికేతనం పల్లెపట్టున వెలసిన గ్రంథాలయాలలో విశిష్టమైనది. 1929లో ఆంధ్రదేశ పర్యటన సందర్భంగా మహాత్మాగాంధీ దీని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను అక్కడ నేటికీ భద్రపరచి ఉంచారు.

సందర్శకులను ఆ చేతికర్ర ఆకర్షిస్తుంది. పరిశోధకులను మాత్రం పాత పత్రికల సంపుటాలు ఆకర్షిస్తాయి. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాల తెలుగు పత్రికల కోసం దూరప్రాంతాల నుంచి వచ్చి రోజులతరబడి అక్కడ కూర్చొన్న పరిశోధకులు అనేకులు. ఈ భేదాన్ని కొంత లోతుగా ఆలోచించాలి. పుస్తకాన్ని ఒక దాత ఒక దినాన ఇవ్వగలడు. నలభై ఏళ్ల పత్రికను ఏ దాతా ఒక్కనాడు ఇవ్వలేడు. ప్రతి సంచికనూ వచ్చినప్పుడే నమోదు చేసి, పాఠకుల చేతుల్లో చిరిగిపోకుండా, పొట్లాలు కట్టడానికి పోకుండా కాపాడి, సంవత్సరాంతాన వరుసలో కూర్చి జిల్దు కట్టించిన మనిషి ఉంటేనే సంపుటం ఏర్పడుతుంది. ఒక్క సంవత్సరం అతడు ఏమరితే ఆ లోపం ఆ వరుసలో శాశ్వతంగా మిగిలిపోతుంది. పత్రికా సంపుటమనేది దానఫలం కాదు, నిత్యసేవాఫలం. ఆ సేవ చేసినవారిలో చాలమంది పేర్లు ఏ శిలాఫలకంపైనా లేవు.

చట్టం వచ్చిన తరువాత

మద్రాసు రాష్ట్రంలో 1948లో, హైదరాబాదు రాష్ట్రంలో 1955లో ప్రజాగ్రంథాలయ చట్టాలు వచ్చాయి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఏకరూపతను కల్పించినది. ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే సెస్సు వాటికి ప్రధానాధారం. ఒక విధంగా ఇది ప్రతి గృహస్థునీ దాతగా మార్చిన ఏర్పాటు. దాతల దయపై ఆధారపడిన పోషణ హక్కుగా మారడం సామాన్యమైన మార్పు కాదు.

అయితే సెస్సు ద్రవ్యాన్ని సమకూర్చగలదే కాని శ్రద్ధను సమకూర్చలేదు. ప్రభుత్వం స్వీకరించిన గ్రంథాలయంలో ఇక తమ పని లేదని స్థానికులు తొలగిపోతే, ఖాళీ అయిన గ్రంథపాలకుని పదవి భర్తీ కానప్పుడు అడిగేవారుండరు. ప్రభుత్వం స్వీకరించని గ్రంథాలయాల కష్టం వేరు: శ్రద్ధ ఉన్నా ద్రవ్యం చాలదు. కనుక సెస్సు, స్వచ్ఛంద సేవ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు, పరస్పర పూరకాలు.

ఈ సమన్వయానికి కడప బ్రౌన్ గ్రంథాలయం ఒక నమూనా. సి. పి. బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను తన ఖర్చుతో పోషించి ప్రతులు సరిచూపించిన విషయం ప్రసిద్ధమే. అదియును పోషణదానమే. ఆయన సేకరించిన ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయం వంటి సంస్థ నీడలోకి చేరినందువల్లనే మిగిలాయి. ఆయన నివసించిన చోట స్మారక గ్రంథాలయం వెలయడానికి ఆంగ్లోపన్యాసకులుగా ఉద్యోగవిరమణ చేసిన జానుమద్ది హనుమచ్ఛాస్త్రి అవిరళంగా శ్రమించి విరాళాలు, గ్రంథాలు సేకరించారు. 1995లో ప్రారంభమైన ఆ గ్రంథాలయం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయానికి అప్పగింపబడినది. తాను జీవించి ఉండగానే సంస్థను తనకంటె దీర్ఘాయువు గల సంస్థ చేతిలో పెట్టడం సేవకుని వివేకానికి పరాకాష్ఠ.

నేటి కర్తవ్యం

ఈ చర్చ కేవలం చరిత్ర కాదు. పండితుల ఇళ్లలో తరతరాలుగా సంతరించిన గ్రంథాలు – వావిళ్లవారి ప్రతులు, నిర్ణయసాగర ముద్రణలు, ఆనందాశ్రమ గ్రంథావళి – వారసులకు బరువై గ్రంథాలయాల గుమ్మం చేరుతున్నాయి. ఇచ్చేవారికి ఋణవిముక్తి కలుగుతుంది. పుచ్చుకొన్నచోట జాబితా వ్రాసే మనిషి లేక మూటలు మూటలుగానే ఉండిపోతే అది దానం కాదు, స్థలం మార్పు మాత్రమే. ఆ కాలపు కాగితం ఆమ్లగుణం చేత పెళుసుబారి, ముట్టుకొంటే పొడి అవుతుంది. చెదలకు పండితుని సంతకం తెలియదు.

కంప్యూటరు ప్రతులు ఈ చింతను తీరుస్తాయన్న అభిప్రాయం ఉన్నది. అదీ పాక్షిక సత్యమే. 2000 తరువాతి సంవత్సరాలలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం వేలాది తెలుగు గ్రంథాలకు ఛాయాప్రతులు తీసినది. 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైటు మూతపడినది. అప్పటికే స్వచ్ఛంద సేవకులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులు నిలిపి ఉంచినందువల్ల ఆ శ్రమలో అధికభాగం దక్కినది. తాటాకు మొదలు తెర వరకు ఆధారం ఏదైనా అనుపాలకుడు లేనిదే గ్రంథం నిలవదని ఇది నిరూపించినది.

కనుక మూడు నియమాలు ఆచరణయోగ్యాలు. గ్రంథాలిచ్చే కుటుంబం జిల్దులకు, జాబితాకు అయ్యే వ్యయంలో యథాశక్తి కొంత కూడ ఇవ్వడం మొదటిది. ప్రాచ్యకళాశాలల విద్యార్థులు సమీప గ్రంథాలయంలోని సంస్కృతాంధ్ర గ్రంథాలకు వివరణాత్మక సూచికలు తయారుచేయడం రెండవది. లిపి, ఛందస్సు, వ్యాఖ్యానభేదం తెలిసినవారే ఈ పనికి అర్హులు. ప్రతి నిర్వాహకుడూ తన కాలంలోనే తరువాతివానిని పక్కన కూర్చోబెట్టుకొని పని నేర్పడం మూడవది.

ఉపసంహారం

గురుశిష్య పరంపరలో విద్య నిలిచినట్లే సేవాపరంపరలో గ్రంథాలయం నిలుస్తుంది. ప్రతిష్ఠాదానం చేసినవారి పేరు గోడమీద ఉంటుంది. అనుపాలన చేసినవారి పేరు జిల్దు కుట్టులో, జాబితాలోని చేతివ్రాతలో దాగి ఉంటుంది. నూరేళ్లనాటి పత్రికాసంపుటాన్ని తెరచి తనకు కావలసిన పుటను యథాతథంగా చూడగలిగిన ప్రతి పరిశోధకుడూ ఆ చేతివ్రాతకు ఋణగ్రస్తుడే. తన తరువాత వచ్చే పాఠకునికి ఆ పుటను అంతే భద్రంగా అందించడమే ఆ ఋణం తీర్చుకొనే మార్గం.