చిట్టీ పాట జోలికి పోకు, బుజ్జీ

మట్టెవాడ,
వరంగల్.

బుజ్జమ్మా,

అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులు కొంచెం తగ్గాయి. పొద్దున్నే భద్రకాళి గుడిదాకా నడిచి వెళ్ళొస్తోంది, ఆటోలో పొమ్మంటే వినదు. షాపులో నాకు ఊపిరి సలపట్లేదు. పెళ్ళిళ్ళు మొదలయ్యాయి కదా, ఫోటో స్టూడియోల వాళ్ళంతా ఒకేసారి సీపీయూలు భుజాన వేసుకొని వస్తున్నారు. అందరిదీ ఒకటే మాట, "అన్నా, సిస్టమ్ స్లో అయింది."

నీ మెసేజ్ రాత్రి చదివాను. డీడీఆర్4 ర్యామ్ పనైపోయిందని, డీడీఆర్5కి మారకపోతే ఆల్బమ్ పనులు చేతికి అందవని కరీంనగర్‌లో షాపతను చెప్పాడనీ, అందుకోసం వచ్చే నెల చిట్టీ పాడదామనుకుంటున్నావనీ రాశావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నా. ఏమే, ర్యామ్ కోసం చిట్టీ పాడతావా? ఎంత తక్కువకు పాడాల్సి వస్తుందో, చేతికి వచ్చేది ఎంతో లెక్క వేసుకున్నావా? కోప్పడుతున్నాననుకోకు తల్లీ. రాత్రి రెండింటిదాకా కుర్చీలో కూర్చొని షీటుకు ఇంతని నువ్వు సంపాదించే రూపాయి ఎట్లాంటిదో నాకు తెలుసు.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో షాపుకొచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చునేదానివి. పాత ర్యామ్ ముక్క నీ చేతికిస్తే, స్కూలు బ్యాగులోంచి రబ్బరు తీసి ఆ బంగారు రంగు పిన్నుల్ని మెల్లగా రుద్దేదానివి. నలుపు పోయి మెరుపు వచ్చాక స్లాట్‌లో పెడితే, బీప్ బీప్ అని మొత్తుకునే సిస్టమ్ గమ్మున ఆన్ అయ్యేది. నువ్వు చప్పట్లు కొట్టేదానివి. ఆ ర్యామ్‌ల డ్రాయర్ ఇంకా ఉంది. 2000లో ప్రమాణం వచ్చిన మొదటి డీడీఆర్, 2003 నాటి డీడీఆర్2, 2007 నాటి డీడీఆర్3, 2012 నాటి డీడీఆర్4, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. డీడీఆర్5 ప్రమాణం 2020 జులైలో వచ్చింది. కొత్త తరం దిగిన ప్రతిసారీ పాతది చెత్తబుట్టకేనని బజారంతా ఒకటే గోల. డీడీఆర్2 సిస్టమ్‌లో పేజ్‌మేకర్ వేసుకొని, అను ఫాంట్లతో పెళ్ళికార్డులు కొట్టిన డీటీపీ వాళ్ళు ఆ గోల తర్వాత కూడా ఏళ్ళ తరబడి అదే సిస్టమ్ మీద ఇల్లు నడిపారు.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. డీడీఆర్5 అనేది నీ సిస్టమ్‌లో పెట్టుకునే వస్తువు కాదు. డీడీఆర్4కీ, డీడీఆర్5కీ పిన్నులు 288 చొప్పునే. పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా కనిపిస్తాయి. కానీ మధ్యలో ఉండే గాడి చోటు మారింది. మొన్న ఒక కుర్రాడు ఆన్‌లైన్‌లో డీడీఆర్5 తెప్పించుకొని, పట్టడం లేదని బొటనవేళ్ళతో గట్టిగా నొక్కాడట. స్లాట్ చీలిన బోర్డు పట్టుకొని వచ్చాడు. మొహం చూడలేకపోయాను. గాడి ఒక్కటే కాదు, లోపలి కరెంటు లెక్క కూడా వేరు. డీడీఆర్4 1.2 వోల్టుల మీద నడుస్తుంది, డీడీఆర్5 1.1 మీద. ఆ వోల్టేజీని సర్దే చిప్ ఇదివరకు మదర్‌బోర్డు మీద ఉండేది, ఇప్పుడు ర్యామ్ ముక్క మీదికే వచ్చింది. అందుకే నీ విషయంలో తరం మార్చడమంటే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చడమే. నీది నేను బిగించిన రైజెన్ 5 5600జీ, ఏఎమ్4 సాకెట్. అందులో డీడీఆర్4 తప్ప ఇంకోటి నడవదు. షాపతను ఈ ముక్క నీకు చెప్పాడా? చెప్పి ఉంటే నువ్వు రాసేదానివి.

ఇక అసలు నీ పని చూద్దాం. నువ్వు చేసేవి 12 బై 36 అంగుళాల షీట్లు. 300 డీపీఐలో ఒక షీటంటే 3600 బై 10800, అంటే 3.89 కోట్ల పిక్సెళ్ళు. పిక్సెల్‌కు మూడు బైట్లు వేసుకున్నా, నిండుగా ఫోటో ఉన్న ఒక్క లేయర్‌కే దాదాపు 117 మెగాబైట్లు. బ్యాక్‌గ్రౌండ్, జంట ఫోటో, తలంబ్రాల ఫోటో, పూలు, షాడోలు, నువ్వు పెట్టే ఆ మెరుపులు, ఇట్లా పది లేయర్లు దాటితే ఒక్క షీటే జీబీ మింగుతుంది. ఫోటోషాప్ వెనక్కి వెళ్ళడానికి దాచుకునే హిస్టరీ దీనికి అదనం. నువ్వేమో నాలుగు షీట్లు ఒకేసారి తెరుస్తావు, పక్కన ప్రీమియర్, క్రోమ్‌లో పాటలు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి బొమ్మ చూపించే పనికి కూడా నీ 16 జీబీలోంచే కొంత పోతుంది. ర్యామ్ నిండాక విండోస్ ఏం చేస్తుంది? మిగిలిందంతా డిస్క్ మీదికి దింపుతుంది. మౌస్ ఆగి ఆగి కదిలేది అప్పుడే. డీడీఆర్5 పెట్టినా 16 జీబీ 16 జీబీయే కదా, అదీ ఇంతే నిండుతుంది. పెళ్ళి పందిట్లో నూరు విస్తళ్ళకే చోటుంటే, వడ్డించేవాడు ఎంత చురుకైనవాడైనా నూట ఒకటో మనిషి నిలబడాల్సిందే బుజ్జీ. నీకు కావాల్సింది చోటు.

నా మాట గుడ్డిగా నమ్మకు. రేపు పని మధ్యలో, షీట్లన్నీ తెరిచి ఉండగా, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్‌కి వెళ్ళి మెమరీ చూడు. వాడకం 90 శాతం పైన కూర్చొని ఉంటే నేను చెప్పిందే నిజం. 60 దగ్గర ఉంటే ర్యామ్ తప్పేమీ లేదు, ప్రాసెసరో డిస్కో చూడాలి. అక్కడే స్పీడ్ అని ఇంకో అంకె ఉంటుంది. అది 3200 ఉండాలి. సిస్టమ్ బిగించి నాలుగేళ్ళయింది కదా, బోర్డు మీది సెల్ అయిపోయి సెట్టింగ్స్ పోయి ఉంటే 2133 దగ్గరో 2400 దగ్గరో పడి ఉంటుంది. అప్పుడు బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎమ్‌పీ అనో డీఓసీపీ అనో ఉన్నదాన్ని ఆన్ చెయ్యి. పైసా ఖర్చు లేదు. ఇది చూడకుండానే వేలకు వేలు పోసి సిస్టమ్ మార్చుకుంటున్నారు జనం, బాధేస్తుంది.

స్పీడ్ సంగతి కూడా దాచకుండా చెబుతా, లేకపోతే మామకు పాతది వదలబుద్ధి కాదంటావు. డీడీఆర్4 3200 ఒక చానల్‌లో సెకనుకు 25.6 జీబీ మోస్తే, డీడీఆర్5 6000 రకం 48 జీబీ మోస్తుంది. దాదాపు రెండింతలు. కానీ అడిగిన మొదటి ముక్క అందించడానికి పట్టే సమయం వేరే లెక్క. సీఎల్ అని రాసి ఉండే ఆలస్యపు అంకె 16 ఉన్న డీడీఆర్4 3200కు 10 నానోసెకన్లు. సీఎల్ 30 ఉన్న డీడీఆర్5 6000కూ అదే 10. చౌకగా వచ్చే 4800, సీఎల్ 40 రకానికి 16 నానోసెకన్లు దాటుతుంది. డబ్బా మీద పెద్ద అంకె చూసి మురిసిపోతే అట్లా ఉంటుంది మరి. పెద్ద వీడియోలు ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్ళకు, ఎక్కువ కోర్ల ప్రాసెసర్ వాడేవాళ్ళకు, గేములాడేవాళ్ళకు డీడీఆర్5 నిజంగానే పనికొస్తుంది. లేయర్లు అటూ ఇటూ జరిపే పనిలో ఆ తేడా నీ చేతికి పెద్దగా తెలియదు.

ధరల సంగతి విను. 2025 చివరినుంచి ర్యామ్ ధరలు మండుతున్నాయి. ఏఐ డేటా సెంటర్లకు కావాల్సిన హెచ్‌బీఎమ్ అనే ఖరీదైన మెమరీ వైపు శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ ముగ్గురూ మళ్ళారు. మన హైదరాబాద్‌లో ఆఫీసున్న ఆ మైక్రానే, మనబోటివాళ్ళకు అమ్మే క్రూషియల్ వ్యాపారం మూసేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఎన్నిసార్లు బిగించానో ఆ క్రూషియల్ ముక్కలు! డీడీఆర్5 చాలా రకాలు రెండింతలు దాటాయి. డీడీఆర్4 తయారీ తగ్గించారు కాబట్టి అదీ చౌకగా లేదు. అంటే పాతది కొనుక్కో, సస్తాగా వస్తుందని కూడా నేను అనలేను. కానీ రెండు 8 జీబీ ముక్కల ధర ఎక్కడ, మూడు వస్తువుల ధర ఎక్కడ?

నీ బోర్డుకు నాలుగు స్లాట్లున్నాయి, రెండు ఖాళీ. ఇప్పుడున్నవాటి కంపెనీవే, అదే స్పీడ్‌వి ఇంకో రెండు 8 జీబీలు వేస్తే 32 అవుతుంది. 4కే వీడియోకు 32 జీబీ ఉండాలని అడోబీ వాళ్ళే చెబుతారు. ఒక్క 16 జీబీ ముక్క తీసుకొని సరిపెట్టకు, జతగానే వెయ్యి. సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళే పని నాకెట్లాగూ ఉంది, చూసి తెస్తాను. ఇక్కడ ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపించి, ఒక్క తప్పూ రాకపోతేనే పంపిస్తా. టెస్ట్ చెయ్యని పాత ర్యామ్ నీ సిస్టమ్‌లో పడకూడదు. అది చెడిపోతే చెప్పి చెడిపోదు. సేవ్ చేసిన పీఎస్‌డీ నెల తర్వాత తెరుచుకోదు, ఆ పెళ్ళివాళ్ళకు ఏం చెబుతావు?

తమ్ముడి సంగతి వేరు. వాడికి ఇంజినీరింగ్‌కు ల్యాప్‌టాప్ కొంటామన్నారు కదా, కొత్తగా కొనేవాడికి డీడీఆర్4 వద్దు. ఏఎమ్‌డీ ఏఎమ్5, ఇంటెల్ కొత్త డెస్క్‌టాప్ అల్ట్రా ప్రాసెసర్లు డీడీఆర్5 తప్ప తీసుకోవు, ముందు దారి అదే. కానీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డుకు అతికించి ఉందో, స్లాట్ ఉందో అడగండి. ఎల్‌పీడీడీఆర్5 అని రాసి ఉంటే మామూలుగా అది అతికించిందే, మళ్ళీ పెంచడానికి ఉండదు. "ఈసీసీ ఉంది, సర్వర్‌లా భద్రం" అని ఎవరైనా అంటే తలాడించి రాకండి. డీడీఆర్5లో ఉండేది చిప్ లోపలి తప్పుల్ని చిప్పే సరిదిద్దుకునే ఏర్పాటు మాత్రమే, సర్వర్ ఈసీసీ వేరు.

నువ్వూ ఏదో ఒక రోజు మారతావు. ఈ బోర్డు పోయిన రోజో, 4కే పెళ్ళి వీడియోలే నీ ప్రధాన సంపాదన అయిన రోజో. అప్పుడు నేనే దగ్గరుండి బిగిస్తా. డీడీఆర్5లో నాలుగు ముక్కలు వేస్తే స్పీడ్ పడిపోతుంది కాబట్టి రెండే, పెద్దవి వేద్దాం. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది, ఆగమాగమై స్విచ్ కట్టేయకు.

ఇప్పటికి మాత్రం వద్దు. చిట్టీ అట్లాగే నడవనీ, అవసరమైతే చివర్లో నిండుగా తీసుకుందువు. పెళ్ళిళ్ళ ఫోటోలన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో ఉన్నాయని మీ అమ్మ చెప్పింది, నాకు నిద్ర పట్టలేదు. చేతిలో పైసలుంటే ముందు రెండో హార్డ్ డిస్క్ కొని అన్నీ కాపీ పెట్టు. రేపు పని మధ్యలో టాస్క్ మేనేజర్ ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, అది చూశాకే సీటీసీకి బయల్దేరతా. రాత్రిళ్ళు పన్నెండు దాటి కూర్చోకు, కళ్ళు పోతాయి.

నీ మామ