తప్పును దిద్దుకునే యంత్రాలు



కెనడా చలికాలం సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. బయట సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉన్నా, ఇంట్లో 21 డిగ్రీల వెచ్చదనం ఉంటుంది. మాటిమాటికీ లేచి ఫర్నేస్‌ను వెలిగించేదెవరు? ఆర్పేదెవరు? గోడకున్న థర్మోస్టాట్!

అది గదిలోని వేడిని కొలుస్తుంది. మనం కోరిన వేడితో పోల్చుతుంది. తక్కువైతే ఫర్నేస్‌ను వెలిగిస్తుంది. చాలినంత కాగానే ఆపుతుంది. కోరినదానికీ ఉన్నదానికీ గల తేడాను ‘దోషం’ అంటారు. ఫలితాన్ని కొలిచి తిరిగి యంత్రానికి తెలపడమే ‘ఫీడ్‌బ్యాక్’. ఇలా తన్ను తాను దిద్దుకునే ఏర్పాటే నియంత్రణ వ్యవస్థ.

చాలా ఇళ్ళలో ఫర్నేస్ మండితే పూర్తిగా మండుతుంది, లేదా ఆగిపోతుంది. సున్నితమైన పనులకు ఇది చాలదు. దోషం సగమైతే దిద్దుబాటు కూడా సగం కావాలి. ఈ సంబంధాన్ని గ్రాఫు కాగితంపై గీస్తే సరళరేఖ వస్తుంది. అందుకే దీనిని ‘రేఖీయ నియంత్రణ’ అంటారు.

ఇప్పుడు ‘కెనడార్మ్’ గురించి తెలుసుకుందాం. ఇది కెనడా తయారుచేసిన యంత్రపు చేయి. 1981 నవంబరులో కొలంబియా షటిల్‌తో మొదటిసారి అంతరిక్షానికి వెళ్ళింది. పొడవు సుమారు 15 మీటర్లు. మన చేతికి వలెనే భుజం, మోచేయి, మణికట్టు ఉన్నాయి. మొత్తం 6 కీళ్ళు. 1990లో హబుల్ టెలిస్కోపును అంతరిక్షంలో విడిచిపెట్టింది ఇలాంటి చేయే.

ఒక కీలు 10 డిగ్రీలు తిరగాలనుకోండి. 2 డిగ్రీలు తిరిగినప్పుడు దోషం 8. ఆరు తిరిగేసరికి దోషం 4. మోటారు తోపు కూడా సగమవుతుంది. పది చేరగానే దోషం సున్నా. అయితే అక్కడే ఆగుతుందా? ఆగదు! ఊయల నడిమికి వచ్చి ఆగకుండా అవతలికి పోయినట్లే, బరువైన వస్తువు హద్దు దాటిపోతుంది. వెనక్కు లాగితే ఇటువైపు దాటుతుంది. తోపు మరీ ఎక్కువైతే ఊపు పెరుగుతుంది. మరీ తక్కువైతే పని నత్తనడక నడుస్తుంది. అందుకని దూరాన్నే కాక వేగాన్ని కూడా కొలిచి, హద్దు చేరకముందే మెల్లగా అడ్డుకుంటారు.

1993 డిసెంబరులో హబుల్‌ను మరమ్మతు చేసినప్పుడు, వ్యోమగాములు ఈ చేతి కొసన నిలిచి పనిచేశారు. చేయి ఊగిపోతే వారి గతి ఏమిటి? లెక్క సరిగా ఉంటేనే ప్రాణానికి భద్రత.

షటిళ్ళతో కెనడార్మ్ పని 2011లో ముగిసింది. ఎండెవర్ షటిల్ చేతిని ఒట్టావాలోని విమాన, అంతరిక్ష మ్యూజియంలో ఉంచారు. వీలైతే చూచి రండి.

తప్పు జరగని యంత్రం లేదు. తప్పును వెంటనే కొలిచి, తగినంత మాత్రమే దిద్దుకునేదే మంచి యంత్రం.

అభ్యాసం

1. దోషం అంటే ఏమిటి?
2. కీలు 15 డిగ్రీలు తిరగాలి, 9 తిరిగింది. దోషమెంత?
3. వేగాన్ని కూడా ఎందుకు కొలవాలి?
4. మీ ఇంట్లో తన్ను తాను దిద్దుకునే వస్తువులు ఏవి? అమ్మానాన్నలను అడిగి రాయండి.