తుళ్లూరు నుంచి వచ్చారా? పాల డబ్బా కొనేముందు

తుళ్లూరులో పాలకేంద్రానికి పాలు పోస్తే ముందు చూసేది వెన్న శాతం. ఆరేడు శాతం వెన్న ఉన్న గేదె పాలకు అలవాటుపడ్డ నాలుకకు అమెరికాలోనో ఇంగ్లండులోనో ఆవుపాలే పలచగా తగులుతాయి. ఇక పక్క అరలోని సోయా, బాదం, ఓట్, బియ్యం పాల సంగతి చెప్పక్కర్లేదు. వీటిని మాత్రం చిక్కదనం చూసి కొనకండి. చాలా డబ్బాల్లో అది నూనె, జిగురు కలిపితే వచ్చిందే. వెనకవైపు ప్రొటీన్ ఎంతుందో చదవండి.

240 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. సోయా పాలలో దాదాపు 7, ఓట్ పాలలో రెండు మూడు, బాదం పాలలో ఒక్క గ్రాము. బాదం అనగానే బలమనుకుంటాం గానీ ఆ డబ్బాలో చాలావరకు నీళ్లే. పప్పు వండుకునే తీరిక కూడా లేని విద్యార్థులకు నేను సోయానే చెబుతాను.

అసలు ఆవుపాలు ఎందుకు మానుతున్నారో కూడా తేల్చుకోండి. ఊళ్లో పెరుగు, మజ్జిగ ఎక్కువ. తోడు పడేటప్పుడు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొంత తగ్గుతుంది. ఇక్కడ రోజూ చల్లటి పాలు గ్లాసులకొద్దీ తాగేసరికి కడుపు ఉబ్బరం మొదలవ్వచ్చు. ఇబ్బంది అంతవరకే అయితే లాక్టోజ్ లేని ఆవుపాలే దొరుకుతాయి: అమెరికాలో లాక్టెయిడ్, ఇంగ్లండులో ఆర్లా లాక్టోఫ్రీ. పాల ప్రొటీనే పడని అలర్జీ వేరు. ఆ అలర్జీ ఉన్నవాళ్లు వీటిని కూడా ముట్టకూడదు.

అమెరికా డబ్బా మీద 'ఒరిజినల్' అని ఉంటే ఏమీ కలపనిదని పొరబడకండి, సాధారణంగా అందులో చక్కెర ఉంటుంది. 'అన్‌స్వీటెండ్' అన్నదే తీసుకోండి. కాల్షియం, బి12 కలిపారో లేదో చూడండి. ఐరోపాలో 'ఆర్గానిక్' రకాల్లో చాలావాటికి కలపరు. కలిపిన కాల్షియం అడుక్కి దిగిపోతుంది కాబట్టి ప్రతిసారీ డబ్బా బాగా ఊపి పోసుకోవాలి. ఐరోపా కోర్టు 2017లో ఇచ్చిన తీర్పువల్ల అక్కడ వీటి మీద 'మిల్క్' అని రాయరు, 'ఓట్ డ్రింక్', 'సోయా డ్రింక్' అని వెతకండి.

టీకి 'బరిస్టా' ఓట్ పాలు బాగుంటాయి. మన పద్ధతిలో పాలూ పొడీ కలిపి మరిగిస్తే మాత్రం జావలా సాగుతాయి. డికాషన్ విడిగా మరిగించి, చివర్లో పాలు పోసి, పొంగు రాకముందే దించేయండి.

ఏడాదిలోపు బిడ్డకు తల్లిపాలకో ఫార్ములాకో బదులుగా ఇవేవీ పట్టకండి. ఆ తర్వాతైనా పిల్లల డాక్టర్ని అడిగాకే. బియ్యం పాలలో ఆర్సెనిక్ ఉండొచ్చు గనక ఐదేళ్లలోపు పిల్లలకు వద్దని ఇంగ్లండు ఆరోగ్యశాఖ చెబుతోంది.

పెరుగన్నం లేనిదే భోజనం ముగియదు కదా! ఓట్, బాదం పాలు మామూలుగా తోడుకోవు, సోయా తోడుకుంటుంది. సోయాబీన్, నీళ్లు తప్ప ఇంకేమీ లేని డబ్బా తెచ్చి, వేలు ఓర్చుకునేంత వేడి చేసి, బతికున్న కల్చర్ ఉన్న సోయా పెరుగు ఒక చెంచా కలపండి. అది దొరక్కపోతే మన మిరపకాయ తొడిమలే నాలుగు కడిగి వేయండి. చలికాలంలో వెలిగించని ఓవెన్‌లో లైటు మాత్రం వేసి రాత్రంతా ఉంచండి. మొదటిసారి కాస్త జారుగా, సోయా వాసనతో రావచ్చు; ఆవాలు, కరివేపాకు తాలింపు పెడితే అన్నంలోకి బాగానే కలుస్తుంది.