వేపగింజలోని చేదును వేరుచేయుట

పుట్టపర్తి వద్ద చిత్రావతి ఎండినను వేపచెట్టు ఎండదు. ఆషాఢమున దాని పండ్లు దారులవెంట రాలి మన కాళ్లక్రింద నలిగిపోవుచుండును. మేము తెలుగు బోధించువారమే యైనను, ఆ గింజను గూర్చి విద్యార్థులతో కొంత ముచ్చటింపదలచితిమి.

చెట్టులోని గుణమును చెట్టునుండి విడదీసి చూపిన మనదేశపు శాస్త్రజ్ఞులలో డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దీఖీ అగ్రగణ్యులు. ఢిల్లీ తిబ్బియా కళాశాల పరిశోధనాలయమున, 1931లో, సర్పగంధి వేరునుండి ఒక ఆల్కలాయిడును వేరుచేసి, అంతకు నాలుగేండ్లముందు గతించిన హకీమ్ అజ్మల్ ఖాన్ పేర దానికి అజ్మలిన్ అని నామకరణము చేసిరి. 1942లో వేపనూనెనుండి మూడు చేదు పదార్థములను రాబట్టిరి. నింబిన్, నింబినిన్, నింబిడిన్ అను ఆ పేర్లలో మన నింబశబ్దమే వినవచ్చును.

పద్ధతి సూక్ష్మమే కాని కఠినము కాదు. ఒక్కొక్క ద్రావణిలో ఒక్కొక్కటి కరగును. పెట్రోలియం ఈథరు కొవ్వును లాగుకొనును. ఆల్కహాలు చేదును పట్టుకొనును. చేటలో వేరుసెనగ చెరిగినపుడు పొట్టు ముందుకు, గింజ వెనుకకు చేరునట్లే ఇదియును. అయితే ఏ భాగమున గుణమున్నదో తెలియుట యెట్లు? 1968లో ఇంగ్లండున బటర్‌వర్త్, మోర్గాన్ అనువారు వేపగింజల నుండి తీసిన భాగములను మిడతలకు పెట్టి, అవి ముట్టని భాగమునే మరల మరల విడదీసి అజాడిరక్టిన్‌ను పట్టుకొనిరి. దాని నిర్మాణము 1985కు గాని తేలలేదు. కేంబ్రిడ్జిలో దానిని కృత్రిమముగా తయారుచేయుట 2007లో ముగిసినది. అందుకు ఇరువదిరెండేండ్లు పట్టినది!

మన రైతునకు ఇంత శ్రమ అక్కరలేదు; నీరే ఆతని ద్రావణి. కాని "వేపగింజల కషాయము" అను మాట మమ్ము ఒకమారు మోసగించినది. కషాయమనగా కాచవలెనని తలచి, విద్యార్థులతో కూడి పొయ్యిపై మరిగించి, మిట్టమధ్యాహ్నము వేరుసెనగపై చల్లితిమి. ఎర్రగొంగళి పురుగులు ఆకు మిగల్చలేదు. అజాడిరక్టిన్ వేడికిని ఎండకును ఓర్వదని తరువాత తెలిసినది. అది వెంటనే చంపునదియు కాదు. మేతను మాన్పించి, కుబుసము విడువనీయదు. కావున పురుగు చిన్నదిగా నున్నపుడే చల్లవలెను.

ఐదు కిలోల గింజలపప్పును పొడిచేసి, గుడ్డలో మూటకట్టి, రాత్రియంతయు చన్నీట నానబెట్టి, పిండి వడగట్టి, కొద్దిగా సబ్బుపొడి కలిపి నూరు లీటర్లకు పెంచి, సాయంకాలమున చల్లవలెను. గింజలను నీడలోనే ఆరబెట్టుడు. బూజుపట్టిన వానిని ఏరివేయుడు.