పాత పడవకు కొత్త రూపు: గాజుపీచు నేర్పే రసాయన పాఠం

ఐక్య అరబ్ ఎమిరేట్ల తూర్పుతీరంలో, ఫుజైరా, కల్బా ప్రాంతాల జాలరులు ఒకప్పుడు ఖర్జూరపు మట్టలను కట్టలుగా బిగించి 'షాషా' అనే చిన్న పడవను చేసుకునేవారు. మన ఆంధ్రతీరంలో దుంగలను తాళ్ళతో కట్టే తెప్ప దీనికి దగ్గరి బంధువు. ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఈ రెండు తీరాలలోను ఒకే మార్పు సంభవించింది. మట్టలు, దుంగలు, కొయ్య పలకలు క్రమంగా తొలగి, వాటి స్థానంలో గాజుపీచును రెజిన్‌తో తడిపి అచ్చుపై పొరలు పొరలుగా పరచి చేసే ఫైబర్ పడవ నిలిచింది. 1979లో మదరాసు కేంద్రంగా ఆరంభమైన బంగాళాఖాత కార్యక్రమం మన తూర్పుతీరపు జాలరుల కొరకు కొత్త పడవ నమూనాలను రూపొందించి పరీక్షించింది. ఎమిరేట్లలో 1982లో స్థాపితమైన గల్ఫ్ క్రాఫ్ట్ సంస్థ ఫైబర్ పడవల నిర్మాణంలో పేరు గడించింది. ఇక్కడి జాలరులు 'తరాద్' అని పిలిచే పడవ కూడ నేడు ఫైబర్‌తో చేసినదే.

కొయ్య పడవకు వార్ధక్యం కంటికి కనిపిస్తుంది. ఫైబర్ పడవకు అది కనిపించదు. అందుచేతనే ఒడ్డున పడివున్న పాత మోటారు పడవలను తక్కువ ధరకు కొని, వాటికి కొత్త రూపునిచ్చే ఆలోచన పలువురికి కలుగుతుంది. ఆ రూపాలలో ఎక్కువ ఆదరణ గలది 'సెంటర్ కన్సోల్'. పడవ ముందుభాగంలోని గదిని, పైకప్పును తొలగించి, చుక్కానిచక్రము, ఇంజను మీటలు, కొలత పరికరాలు గల ఒక పీఠాన్ని నడిమధ్యన నిలుపుతారు. చుట్టూ అన్ని వైపులా మనిషి నడిచే చోటు ఏర్పడుతుంది. వంజరం చేప గాలానికి తగిలి పడవ చుట్టూ పరుగు తీస్తే, వేటగాడు కూడ దానితో పాటు తిరగగలడు. ఈ సౌలభ్యమే ఆ రూపానికి ఆకర్షణ.

పని చూడడానికి వడ్రంగపు పనిలా ఉంటుంది. నిజానికి ఇది సగం రసాయనశాస్త్రం, సగం ఆర్కిమెడీస్ సూత్రం. ఈ రెండింటిని విస్మరించి రంపం పట్టినవారు ఒడ్డున అందంగాను, నీటిలో ప్రమాదకరంగాను ఉండే పడవను తయారుచేస్తారు. కుటుంబంతో, పిల్లలతో సముద్రంలోకి వెళ్ళదలచినవారు తెలుసుకోవలసిన మూలవిషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

గాజుపీచు పడవ అంటే ఏమిటి?

మాలిక్, థాలిక్ ఎన్‌హైడ్రైడులను ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చర్య జరిపితే అసంతృప్త పాలియెస్టర్ లభిస్తుంది. ఈ పొడవాటి అణువులను 35 నుంచి 45 శాతం స్టైరీన్‌లో కరిగించినదే పడవల పనిలో వాడే రెజిన్. దీనికి నూటికి ఒకటి రెండు వంతులు మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్ కలిపితే, రెజిన్‌లో ముందే ఉన్న కోబాల్ట్ లవణం ఆ పెరాక్సైడ్‌ను విడగొట్టి స్వేచ్ఛా రాశులను పుట్టిస్తుంది. ఇవి స్టైరీన్‌ను వంతెనగా చేసి పాలియెస్టర్ గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తాయి. ద్రవం ఘనమవుతుంది. గాజుపీచు లాగుడు బలాన్ని భరిస్తుంది. రెజిన్ ఆ పీచులను కదలకుండ పట్టివుంచుతుంది. ఇటుకకు సున్నం ఎలాగో పీచుకు రెజిన్ అలాగన్నమాట.

ఈ ముడులు ఒకసారి పడితే మళ్ళీ విడవు. వేడిచేసినా మైనంలా కరగదు, మాడిపోతుంది. పాత ఫైబర్ పడవను కరిగించి మరో వస్తువు చేయలేకపోవడానికి కారణమిదే. కనుక గట్టిగా ఉన్న పాత పడవ అడుగును మళ్ళీ వినియోగించడం పొదుపు మాత్రమే కాదు, చెత్తదిబ్బకు చేరవలసిన భారాన్ని తగ్గించడం కూడ.

రంపానికి ముందు సుత్తి

మొదటి పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ప్లాస్టిక్ తల గల చిన్న సుత్తితో పడవంతటా తట్టి వినాలి. గట్టి చోట ఖంగుమనే ధ్వని వస్తుంది. లోపల పొరలు విడిపోయిన చోట, చెక్క కుళ్ళిన చోట మందమైన ధ్వని వస్తుంది. మన ఇళ్ళలో కుండను కొనేటప్పుడు పెద్దలు చేసే పరీక్షే ఇది.

ముఖ్యంగా చూడవలసిన స్థానాలు మూడు. ఒకటి, ఇంజనును మోసే వెనుక పలక. దీనిని ట్రాన్సమ్ అంటారు. పాత పడవలలో దీని నడుమ ప్లైవుడ్ ఉంటుంది. ఇంజను బోల్టుల రంధ్రాల గుండా నీరు చేరితే శిలీంధ్రాలు ఆ చెక్కను నమిలివేస్తాయి. పైనున్న ఫైబర్ పొర మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. 150 అశ్వశక్తి గల నేటి నాలుగు స్ట్రోకుల ఇంజను 200 కిలోలకు పైగా బరువుంటుంది. పాత పలక ఇంత బరువు కొరకు ఉద్దేశించినది కాకపోవచ్చు.

రెండు, పడవ పొడుగునా అడుగున సాగే దూలాలు. ఇవి కూడ తరచు ఫైబర్ చుట్టిన చెక్కలే. చిన్న బెజ్జం వేసి, బయటికి వచ్చిన పొట్టును వేళ్ళతో నలిపి చూడాలి. పొడిగా, లేత రంగులో ఉంటే మంచిది. నల్లగా, తడిగా ఉంటే మార్చక తప్పదు.

మూడు, గచ్చు కింద నింపిన పాలియురెథేన్ నురుగు. ఘనమీటరుకు 32 కిలోల బరువుండే ఈ నురుగు పొడిగా ఉంటే, సముద్రజలంలో పూర్తిగా మునిగినప్పుడు ఒక్కొక్క ఘనమీటరు సుమారు ఒక టన్నును తేల్చగలదు. ఏళ్ళ తరబడి అడుగునీటిలో నానితే దాని గదులు క్రమంగా నీటితో నిండుతాయి. సగం నిండినా ఆ శక్తి సగమవుతుంది. తేల్చవలసినదే బరువుగా మారుతుంది. పడవను లారీలు తూచే కాటాపై తూచి, తయారీదారు చెప్పిన బరువుతో పోల్చితే ఈ రహస్యం బయటపడుతుంది.

ఇక నీటిలో మునిగివుండే భాగంపై బొబ్బలు కనిపిస్తే వాటి కథ వేరు. నీటి అణువులు పైపూత గుండా మెల్లగా లోపలికి చేరి, ఎస్టర్ బంధాలను జలవిశ్లేషణ చేసి, ఆమ్లాలను, గ్లైకాల్‌ను విడుదల చేస్తాయి. లోపల చిక్కని ద్రావణం ఏర్పడి ద్రవాభిసరణ వలన మరింత నీటిని లాగుకుంటుంది. బొబ్బను పొడిస్తే వచ్చే ద్రవానికి పుల్లని ఘాటు వాసన ఉండేది అందుకే. గల్ఫ్ జలాలు వేసవిలో 32 డిగ్రీలు దాటుతాయి. చల్లని దేశాలలో ఇరవై ఏళ్ళు పట్టే ఈ చర్య వెచ్చని నీటిలో త్వరగా సాగుతుంది. కొద్దిపాటి బొబ్బలను తెరిచి, మంచినీటితో పలుమార్లు కడిగి, పూర్తిగా ఆరబెట్టి ఎపాక్సీతో పూడ్చవచ్చు. లోపలి పొరలే విడిపోతే ఆ పడవను వదలివేయడం వివేకం.

గదిని తీసివేస్తే పోయేదేమిటి?

అగ్గిపెట్టెను మూతతో సహా మెలిపెట్టి చూడండి, తర్వాత మూత తీసి చూడండి. తేడా తెలుస్తుంది. పాత పడవలోని గది, పైతట్టు కేవలం నీడ కొరకు కాదు, పడవ మెలిపడకుండ కాపాడే కట్టడంలో భాగాలు. వాటిని తీసివేసినప్పుడు ఆ బిగువును కొత్త గచ్చు ద్వారా తిరిగి ఇవ్వాలి. గచ్చును దూలాలకు, రెండు ప్రక్కల గోడలకు గాజుపీచుతో అతికి, మూసిన పెట్టెగా మార్చాలి. గోడల పై అంచుల వెంబడి వెడల్పైన పట్టీ కూడ అవసరం. కోసే ముందు పడవను అడుగున పలుచోట్ల ఆనించి, గోడల నడుమ అడ్డకర్రలు బిగించాలి. లేకుంటే కోసిన మరుక్షణం గోడలు పక్కకు తెరుచుకుంటాయి, ఆ వంకర శాశ్వతమవుతుంది.

గచ్చు ఎంత ఎత్తున ఉండాలి?

ఈ పనిలో ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న ఇదే. పడవలోకి ఎగిరిపడిన నీరు తనంత తానే తూముల ద్వారా బయటకు పోవాలంటే గచ్చు వెలుపలి నీటిమట్టం కన్న ఎత్తున ఉండాలి. ఒక ఉదాహరణ చూద్దాం. నీటిమట్టం వద్ద 5.8 మీటర్ల పొడవు, 2.1 మీటర్ల వెడల్పు గల పడవ అనుకుందాం. ముందుభాగం సన్నబడుతుంది గనుక వైశాల్యాన్ని ఈ లబ్ధంలో ముప్పాతిక వంతుగా తీసుకుంటే సుమారు 9.1 చదరపు మీటర్లు వస్తుంది. అంటే పడవ ఒక సెంటీమీటరు దిగడానికి సుమారు 94 కిలోల బరువు చాలు. తలా 75 కిలోల చొప్పున నలుగురు మనుషులు 300 కిలోలు. 200 లీటర్ల పెట్రోలు సుమారు 150 కిలోలు. ఐసుపెట్టె, సామాను మరో 50 కిలోలు. మొత్తం 500 కిలోలకు పడవ 5 సెంటీమీటర్లకు మించి దిగుతుంది. వెనుక ఇంజను బరువు కారణంగా వెనుకభాగం ఇంకా ఎక్కువ దిగుతుంది. ఖాళీ పడవను చూసి తూములు పెట్టినవారికి జనం ఎక్కగానే సముద్రమే లోపలికి వస్తుంది.

అలాగని గచ్చును అదేపనిగా ఎత్తు చేయరాదు. మనుషులు నిలబడే చోటు పైకి జరిగితే గరిమనాభి పైకి జరుగుతుంది, పడవ తూగుడు ఎక్కువవుతుంది, గోడ మోకాలికి దిగువకు చేరి పిల్లలు జారిపడే ప్రమాదం కలుగుతుంది. నిండుబరువులో నీటిమట్టానికి కొద్ది సెంటీమీటర్ల పైన గచ్చు, పెద్దవారి తొడల ఎత్తు వరకు గోడ ఉండేలా కుదుర్చుకోవాలి. తూములు పెద్దవిగా ఉండాలి. 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల గచ్చుపై 10 సెంటీమీటర్ల నీరు నిలిస్తే 800 కిలోలకు పైమాట. పైగా ఆ నీరు పడవ ఏ వైపు ఒరిగితే ఆ వైపుకే పరుగెత్తుతుంది. వాయవ్యం నుండి వీచే షమాల్ గాలి లోతు తక్కువైన గల్ఫ్‌లో పొట్టి, నిటారు అలలను లేపుతుంది. అటువంటి వేళ పడవను నిలిపేది ఈ లెక్కయే.

పాతదానికి కొత్తది ఎలా అతుకుతుంది?

పూర్తిగా గట్టిపడిన పాత పాలియెస్టర్‌లో చర్యకు అందుబాటులో ఉండే బంధాలు దాదాపు మిగలవు. కనుక కొత్త పొర దానితో రసాయనికంగా కలవదు, గరుకుదనాన్ని పట్టుకుని వ్రేలాడుతుంది. ముందుగా మురికిని, నూనెను, మైనాన్ని ద్రావణితో తుడవాలి. ఆ తర్వాతనే 36 లేక 40 నంబరు గరుకు కాగితంతో రుద్ది లోపలి గాజుపీచు కనిపించేలా చేయాలి. ముందే రుద్దితే మైనం గీతలలోకి దూరిపోతుంది. అతుకు అంచును ఏటవాలుగా చెక్కాలి. 6 మిల్లీమీటర్ల మందానికి 12 రెట్లు, అనగా 72 మిల్లీమీటర్ల వాలు ఉంటే భారం ఒకే గీతపై పడకుండ విస్తరిస్తుంది. అతుకుడు శక్తిలో ఎపాక్సీ మేలైనది. ఎపాక్సీ పాత పాలియెస్టర్‌ను బాగా పట్టుకుంటుంది, కాని ఎపాక్సీ మీద పాలియెస్టర్ అంత నమ్మకంగా అంటదు. ఈ క్రమాన్ని మరువరాదు.

ఎండ, ఊపిరి, కళ్ళు

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యావేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయన విద్యార్థులందరికి తెలిసిన స్థూలసూత్రం. 25 డిగ్రీల వద్ద 20 నిమిషాలు ద్రవంగా ఉండే రెజిన్ ఇక్కడి 45 డిగ్రీల ఎండలో ఐదు నిమిషాలకే బిగుసుకుంటుంది. బకెట్‌లో మిగిలిన రెజిన్ వేడెక్కి పొగలు కక్కి మండవచ్చు. అందుచేత ఈ పనిని శీతకాలపు ఉదయాలలో, నీడలో, కొద్ది కొద్దిగా కలుపుకుంటూ చేయాలి. పెరాక్సైడ్‌ను, కోబాల్ట్ ద్రావణాన్ని నేరుగా ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపరాదు. అది విస్ఫోటనానికి దారితీస్తుంది. పెరాక్సైడ్ బొట్టు కంటిలో పడితే చూపే పోవచ్చు. కళ్ళద్దాలు తప్పనిసరి. పడితే తక్షణం ధారాళమైన నీటితో కడుగుతూ వైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

స్టైరీన్‌ను మానవులలో బహుశా క్యాన్సర్ కలిగించగల పదార్థంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2018లో వర్గీకరించింది. దుమ్ముకు వాడే గుడ్డముసుగు ఈ ఆవిరిని ఆపదు. కర్బనపు వడపోత గల ముసుగు కావాలి. పనిని కూలికి అప్పగించేవారు ఈ ముసుగుల ఖర్చును కూడ లెక్కలో వేసుకోవాలి. మూసివున్న పడవ కడుపులో వంగి గాజుధూళిని పీల్చే కార్మికుడు మనలాగే ఇంటికి డబ్బు పంపడానికి వచ్చినవాడే.

లోహాలు, పెట్రోలు

గల్ఫ్ జలంలో లీటరుకు 40 గ్రాముల మేర లవణముంటుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పు పట్టకపోవడానికి కారణం గాలి తగిలినంతకాలం నిలిచే పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర. తడి చెక్కలో, గాలి ఆడని సందులో ఆ పొర నశించి మరలు లోలోపలే తెగిపోతాయి. అల్యూమినియం ట్యాంకును తడి నురుగులో పాతిపెడితే దానికీ ఇదే గతి. ట్యాంకు చుట్టూ గాలి ఆడాలి. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది గనుక కన్సోల్ కింద, అడుగుభాగంలో పేరుకుంటుంది. అక్కడ గాలిమార్గాలు ఉండి తీరాలి, నిప్పురవ్వ పుట్టని స్విచ్చులే వాడాలి.

నీటిలో దించిన తర్వాత

రూపు మారిన పడవ చట్టరీత్యా కూడ మారిన పడవే. పని మొదలుపెట్టకముందే నమోదు అధికారులను, బీమా సంస్థను సంప్రదించడం మంచిది. పూర్తయిన పడవను మొదట రేవులోనే కట్టివుంచి, ప్రయాణికులకు బదులు నీరు నింపిన డబ్బాలతో నిండుబరువు వేయాలి. తూముల వద్ద మట్టం చూడాలి. ఆ బరువంతా ఒక ప్రక్కకు జరిపి ఒరుగుడును కొలవాలి. గచ్చుపై బకెట్లతో నీరు పోసి ఎంతసేపటికి ఖాళీ అవుతుందో గడియారంతో చూడాలి. రాత్రంతా ఉంచి ఉదయం అడుగున చేరిన నీటిని కొలవాలి. ఈ నాలుగు పరీక్షలకు ఒక్కరోజు చాలు. వాటిలో నెగ్గిన పడవలోనికే, ప్రాణరక్షక కవచాలు తొడిగిన తర్వాతనే, పిల్లలను ఎక్కించాలి.