ఫోనులో చోటు చేసికొనుట – యాపులను కార్డునకు మార్చు విధము

మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తఱచుగా ఎదురగు చిక్కు నొకదానిని గూర్చి యీ సంచికలో కొంత విన్నవింప దలచితిమి. స్మార్టుఫోనునందు “స్టోరేజి నిండినది” అను హెచ్చరిక కనబడినంతనే క్రొత్త పాఠము దిగదు. క్రొత్త యాపు చేరదు. ఫోటో తీయబోవ కెమెరా మొరాయించును. మన యిండ్లలో పెక్కింట ఒక్క ఫోనే తండ్రి బేరసారములకును, తల్లి యోగక్షేమముల విచారణకును, పిల్లల చదువునకును ఆధారమై యున్నది. అట్టి ఫోను నిండినపుడు తొందరపడి చేతి కందిన దెల్ల తుడిచివేయుట సామాన్యము. తుడిచివేసిన వానిలో పనికిమాలిన వెన్నియో యుండును. గతించిన తాతగారి కంఠస్వరము గల చిన్న రికార్డింగొకటియు నుండవచ్చును. పోయిన యాపు మరల దొరకును. ఆ కంఠము మరల దొరకదు. కావున చోటు చేసికొను విద్యను క్రమముగా నేర్చుకొనుట యవసరము.

మొదట రెండు మాటల భేదము తెలియవలయును. స్టోరేజి వేఱు, ర్యాము వేఱు. స్టోరేజి గాదె వంటిది. ర్యాము పొయ్యి వంటిది. గాదెలోని ధాన్యము నేడు వండకున్నను రేపటికి నిలిచియుండును; పొయ్యి మీదిది వండునంత వఱకే. ఫోనును ఆర్పినచో ర్యాములోనిది పోవును, స్టోరేజిలోనిది పోదు. కావున ఏదో యొక యాపునకు ర్యాము చాలకున్నచో, యాపులను కార్డునకు మార్చుట దానికి మందు కాదు. గాదె నెంత పెంచినను పొయ్యి పెద్దది కాదు గదా! అయితే గాదె క్రిక్కిరిసినచో ధాన్యము తీయుటయు పోయుటయు కష్టమగునట్లు, అంచుల వఱకు నిండిన ఫోను నెమ్మదించును. అందుచే కొంత చోటు నెల్లప్పుడును ఖాళీగా నుంచుట మేలు.

ఇక కొలతల మాట. ధాన్యమునకు మానికలును పుట్లును ఎట్లో, ఫోనులోని సామగ్రికి బైట్లు అట్లు. 10 లక్షల బైట్లు ఒక మెగాబైటు, అనగా ఎంబీ; 100 కోట్ల బైట్లు ఒక గిగాబైటు, అనగా జీబీ. మన తెలుగు లిపిని యూటీఎఫ్-8 అను పద్ధతిలో వ్రాసినపుడు ఒక్కొక్క సంకేతమునకు 3 బైట్లు పట్టును. “స్త్రీ” అను నక్షరమును చూడుడు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అని 6 సంకేతములు, వెరసి 18 బైట్లు. పుటకు 2,000 సంకేతముల చొప్పున లెక్కించినచో ఒక తెలుగు పుటకు 6,000 బైట్లు చాలును. 3 ఎంబీల ఫోటో యొక్కటి అట్టి 500 పుటల గ్రంథమంత చోటు నాక్రమించును. మంచి స్పష్టత గల వీడియో యన్ననో, నిమిషమునకు 60 మొదలు 130 ఎంబీల వఱకు పట్టును. అక్షరములు గాక చిత్రములే గాదెను నింపుచున్నవని దీనివలన తేలుచున్నది.

కావున ఏమి చేయుటకును పూర్వము సెట్టింగ్సులో “స్టోరేజి” అను పుటను తెఱచి, దేని కెంత చోటు పోయినదో పరిశీలింపవలెను. వీడియోలు, ఫోటోలు, యాపులు వేర్వేఱుగా నచట చూపబడియుండును. వీడియోలే ప్రధానముగా నున్నచో వానిని కార్డునకో, ఇంటి కంప్యూటరునకో తరలించుట మొదటి పని. ఒకే శుభాకాంక్షల వీడియో పది మంది బంధువులనుండి పది మాఱులు వచ్చియుండును. వాట్సాపు సెట్టింగ్సులో “మేనేజ్ స్టోరేజి” అను చోట నట్టి పెద్ద వీడియోలు వరుసగా కనబడును. యాపులే ప్రధానముగా నున్నపుడు ఈ క్రింది ప్రకరణము పనికివచ్చును.

ఆండ్రాయిడు గల మొదటి ఫోను 2008లో వెలువడినపుడు దాని లోపలి స్టోరేజి 256 ఎంబీలు మాత్రమే. కార్డు పెట్టుకొన వీలుండెను గాని, అందు పాటలు, ఫోటోలు మున్నగునవి యుండవలసినదే. యాపులకు చోటు లేకుండెను. 2010 మే నెలలో వెలువడిన ఆండ్రాయిడు 2.2, ఫ్రోయో యను పేరు గలది, యాపులను కార్డునకు మార్చుటకు తొలిసారిగా వీలు కల్పించెను. అయితే ఆ యనుమతి నిచ్చుటయో మానుటయో యాపును నిర్మించినవారి యిష్టమునకు విడువబడెను. వారు సమ్మతింపనిచో మన మెంత ప్రయత్నించినను ఆ యాపు కదలదు.

మార్చు విధ మిది. ఫోనులో మెమరీ కార్డు నుంచి, సెట్టింగ్సు తెఱచి, “యాప్స్” అను దానిని నొక్కవలెను. కావలసిన యాపు పేరును తాకి, అందు “స్టోరేజ్” అను చోటికి పోవలెను. అచట “చేంజ్” అను మీట యున్నచో దానిని నొక్కి, ఎస్‌డీ కార్డు నెన్నుకొని, “మూవ్” అని యాజ్ఞ యీయవలెను. పని ముగియు వఱకు కార్డును తీయరాదు, ఫోను నార్పరాదు. ఈ పేర్లు ఫోనును బట్టి కొంచెము మాఱుచుండును. “చేంజ్” మీటయే లేనిచో ఆ యాపు నిర్మాత యైనను, ఫోను నిర్మాత యైనను అనుమతింపలేదని యెఱుంగునది.

మాఱిన యాపు పూర్తిగా కార్డునకు పోవునని తలపరాదు. ఈ పద్ధతిలో యాపు యొక్క పెద్ద భాగము కార్డునకు చేరినను, దాని స్వంత లెక్కలును మన వివరములును ఫోనులోనే నిలిచియుండును. కావున 100 ఎంబీల యాపును మార్చిన 100 ఎంబీలును ఖాళీ కావు. కొన్ని ఫోనులలో యాపునకు క్రొత్త రూపము దిగినపుడు అది మరల లోపలికి వచ్చి చేరును. అప్పుడు మరల మార్చుకొనవలసినదే.

మార్చదగని యాపులును కలవు. అలారము మ్రోగించునవి, తెఱపై ముందుగనే సమాచారము చూపు విడ్జెట్లు, తెలుగు టైపు చేయు కీబోర్డులు కార్డు మీద నుండరాదు. కార్డు తీసినను, జాఱినను అవి పనిచేయవు. పరీక్షనాడు తెల్లవాఱుజామున మేల్కొనవలసిన విద్యార్థి తన అలారమును కార్డుపాలు చేయుట క్షేమము కాదు. అప్పుడప్పుడు ఆడుకొను ఆటలు, విరివిగా వాడని నిఘంటువులు మార్చుటకు తగినవి.

2015లో వచ్చిన ఆండ్రాయిడు 6.0 మఱియొక మార్గమును చూపెను. కార్డునే ఫోను లోపలి స్టోరేజిలో భాగముగా కలుపుకొనుట యా మార్గము. ఇందు చోటు బాగుగ కలిసివచ్చును గాని, రెండు సంగతులు మఱువరాదు. కలుపుకొనునపుడు కార్డులోని దంతయు తుడిచివేయబడును. పిమ్మట నా కార్డు గూఢలిపితో ఆ యొక్క ఫోనునకే కట్టుబడియుండును. ఫోను పగిలిపోయినచో కార్డును వేఱొక ఫోనులో నుంచి చదువుట సాధ్యపడదు. అట్టి కార్డుపై నున్న ఫోటోలకు మఱొక ప్రతి లేనిచో నవి ఫోనుతోనే పోవును. ఈ సౌకర్యము అన్ని ఫోనులలో లేదు.

కార్డును కొనుటలో జాగ్రత్త యవసరము. మైక్రోఎస్‌డీ కార్డు 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే గలది. 1956లో ఐబీఎం కంపెనీవారు నిర్మించిన మొదటి డిస్కు యంత్రము బీరువాకంటె పెద్దదై 50 లక్షల అక్షరములను మాత్రమే దాచెను. అక్షరమున కొక బైటు చొప్పున లెక్కించినను, 64 జీబీల కార్డు అట్టి యంత్రములు 12,800 చేయు పని చేయును. యాపుల కొఱకు కొనునపుడు కార్డుపై ఏ1 లేక ఏ2 అను గుర్తు చూడవలెను. ఏ1 కార్డు సెకనుకు 1,500 చిన్న చదువులు, 500 చిన్న వ్రాతలు చేయగలదు. ఏ2 అయినచో 4,000 చదువులు, 2,000 వ్రాతలు. గుర్తు లేని కార్డు పాటలకు చాలునేమో గాని, యాపులను నత్తనడక నడపును. అతి చౌకగా వందలకొలది జీబీలని చెప్పి యమ్ము కార్డులలో నకిలీవి కలవు. పైన వ్రాసినంత చోటు లోపల లేక, నిండిన పిదప వేసినదెల్ల పాడగును. క్రొత్త కార్డును మొదట అనవసరపు వీడియోలతో నిండుగా నింపి, అవి యన్నియు తెఱచుకొనుచున్నవో లేదో చూచి, ఆ పిమ్మటనే విలువైన వానిని దాచుట మంచిది.

కార్డునకు తావే లేని ఫోనులు నేడు పెక్కు గలవు. ఐఫోనులలో నెన్నడును లేదు. వారికిని ఉపాయము గలదు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 వాడని యాపును తొలగించి, దానిలోని మన వివరములను మాత్రము నిలిపియుంచును. మరల కావలసినపుడు యాపును దించుకొనవచ్చును. ఆండ్రాయిడు ఫోనులలోను 2023 మొదలు గూగుల్ ప్లే ఇట్టి “ఆర్కైవు” పద్ధతిని స్వయముగా నడపుచున్నది.

తుడిచివేయు మీటల భేదమును తప్పక తెలిసికొనవలెను. “క్లియర్ క్యాష్” అనునది తాత్కాలికపు పోగును మాత్రమే తీసివేయును, భయము లేదు. “క్లియర్ డేటా” లేక “క్లియర్ స్టోరేజ్” అనునది యాపులో మనము దాచినదెల్ల తీసివేయును. గూగుల్ ఫోటోస్‌నందు “ఫ్రీ అప్ స్పేస్” అనునది దూరపు నిల్వలో భద్రముగా చేరిన ఫోటోల ప్రతులను ఫోనునుండి మాత్రమే తొలగించును. బ్యాకప్పు నడచుచుండగా “డిలీట్” నొక్కినచో, ఇచటను అచటను గూడ పోవును. ఇట్లు పోయిన ఫోటోలు ట్రాషులో 60 దినములును, బ్యాకప్పు కానివి 30 దినములును ఉండును. ఆలోపున మేల్కొనినచో తిరిగి తెచ్చుకొనవచ్చును. ఆ నిల్వలోను ఉచితముగా దొరకు చోటు 15 జీబీలే. 2021 జూన్ 1 మొదలు చేర్చిన ఫోటోలన్నియు నందు లెక్కకు వచ్చుచున్నవి.

కడపట నొక మనవి. ఫోనును నడపుటలో పిల్లలకు చురుకుదనము హెచ్చు. అందలి దేని విలువ యెంతయో పెద్దలకు తెలియును. మేనత్త పెండ్లి ఫోటో పిల్లవానికి మసకబొమ్మగా తోచవచ్చును. తల్లికి ఆటయాపు పనిలేనిదిగా తోచవచ్చును. కావున నెలకొక దినము తల్లియు బిడ్డయు కలిసి కూర్చుండి, ఏది కార్డునకు, ఏది కంప్యూటరునకు, ఏది చెత్తబుట్టకు అని యొకరి నొకరు అడిగి నిర్ణయించుకొందురు గాక. మరల దొరకని దానికి రెండు ప్రతులుంచి, మరల దొరకు దానిని నిశ్చింతగా తీసివేయవచ్చును.