జీతములో పట్టుకొను ఆ తొంబది రూపాయలు

గ్రామములనుండి నూలుమిల్లులకు పనికి పోవువారిలో పలువురు, జీతపు చీటీలో “ఇ.ఎస్.ఐ.” పేర పట్టుకొను సొమ్ము ఎందులకో ఎరుగరు. “ఊరకే పోవు డబ్బు” అని ఒక కార్మికుడు మాతో అనెను. మూడేండ్లుగా వాటా చెల్లించుచుండియు, తనపై ఆధారపడిన తల్లి పేరు వ్రాయించనందున, ఆమె చికిత్సకు అతడు అప్పు చేసియుండెను!

ఈ కార్మిక బీమా 1948లో చట్టమై, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో ప్రారంభమైనది. ఋతువునుబట్టి నడచు కర్మాగారములు దీని పరిధిలోనికి రావు. పదిమందియో అంతకు మించియో పనిచేయు ఇతర కర్మాగారములలో, నెలకు 21,000 రూపాయల వరకు వేతనము గలవారికి ఇది వర్తించును. నూరు రూపాయల వేతనమునకు కార్మికుడు 75 పైసలు, యజమాని 3 రూపాయల 25 పైసలు చెల్లింపవలెను. అనగా 12,000 రూపాయలకు కార్మికుని వంతు 90, యజమాని వంతు 390. యజమాని తన వంతును కూలిలో పట్టుకొనరాదు.

ఇందుకు బదులుగా కార్మికునకు, భార్యాబిడ్డలకు, ఆధారపడిన తలిదండ్రులకు వైద్యము లభించును. ఆరునెలల చందా కాలములో కనీసము 78 దినములకు చందా చెల్లినచో, జబ్బుపడి పనికి పోలేని దినములకు, ఏడాదిలో 91 దినములవరకు, సగటు కూలిలో నూటికి 70 వంతులు చేతికి వచ్చును. రోజుకూలి 400 రూపాయలైన వానికి ఇది 280 రూపాయలు. స్త్రీలకు ప్రసూతి భృతియు కలదు.

మీ బీమా సంఖ్యను మిల్లు కార్యాలయమున అడిగి వ్రాసికొనుడు. కుటుంబములో ఎవరెవరి పేర్లు నమోదైనవో అప్పుడే చూచుకొని, విడిచిన పేరును చేర్పించుడు.